బొమ్మకు కీళ్ళు, కదలికకు దరువు – వీడియో గేమ్ పాత్ర తయారయ్యే విధానం



వీడియో గేమ్ ఆడని విద్యార్థి ఈ రోజుల్లో అరుదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అన్నయ్య సెల్‌ఫోనులోనైనా ఏదో ఒక ఆట ఆడే ఉంటాము. కానీ ఆ తెరమీద పరుగెత్తే, దూకే, కిందపడి లేచే బొమ్మ ఎలా తయారవుతుందో ఆలోచించేవారు తక్కువ. అదంతా ఎక్కడో విదేశాల్లో, ఖరీదైన యంత్రాల మీద, పెద్ద చదువులు చదివినవారు చేసే పని అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉన్నది. అయితే మన హాస్టల్‌లో బొమ్మలు వేసేవారికి కొదవ లేదు. రికార్డు పుస్తకాల్లో గుండె బొమ్మ, కన్ను బొమ్మ రూములో అందరికీ వేసిపెట్టేవారు ఒకరుంటారు. ఆ చేతికి ఈ విద్య అందనిది కాదని చెప్పడానికే ఈ వ్యాసం. మేము కొందరం కలిసి ఒక డప్పు కళాకారుడి పాత్రను తయారుచేస్తూ తెలుసుకున్న సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

మేము చెప్పేది పొడవు, వెడల్పు మాత్రమే ఉండి కాగితం మీద బొమ్మలా చదునుగా కనిపించే పాత్రల గురించి. వీటిని టూడీ పాత్రలు అంటారు. వీటి తయారీలో మూడు దశలు ఉన్నాయి. మొదటిది రూపం గీయడం, రెండవది కీళ్ళు అమర్చడం, మూడవది కదిలించడం.

మొదటి దశ: రూపం

1981లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ డాంకీ కాంగ్ అనే ఆటను విడుదల చేసింది. అందులోని కథానాయకుడే తరువాత మారియో పేరుతో ప్రపంచమంతా తెలిసినవాడయ్యాడు. ఆ పాత్రను రూపొందించినవారు షిగేరు మియామోతో. ఆ రోజుల్లో బొమ్మకు దొరికిన చోటు చాలా చిన్నది. నిలువున 16, అడ్డంగా 16 చుక్కలు. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. అంత చిన్న ముఖంలో నోరు గీస్తే కనిపించదు. అందుకే పెద్ద ముక్కు పెట్టి, దాని కింద మీసం పెట్టారు. జుట్టు గీయడం, కదిలించడం కష్టం. అందుకే టోపీ పెట్టారు. నడిచేటప్పుడు చేతులు ఊగడం తెలియాలంటే చొక్కా రంగు, పైన తొడిగిన దుస్తుల రంగు వేరుగా ఉండాలి. అందుకే ఆ పనివాడి దుస్తులు. మారియో రూపంలో మనం గుర్తుపట్టే ప్రతిదీ ఇరుకు చోటులో నుంచి పుట్టిందే.

దీని నుండి మనం నేర్చుకోవలసిన సూత్రం ఒకటున్నది. బొమ్మ మొత్తాన్ని నల్లరంగుతో నింపి చూడాలి. అప్పుడు కూడా అది ఎవరో గుర్తుపట్టగలిగితే రూపం కుదిరినట్టు. మా డప్పు కళాకారుడికి ఇదే పరీక్ష పెట్టాము. ఎడమ భుజానికి వేలాడే డప్పు ఒంటి గీతను దాటి బయటికి గుండ్రంగా కనపడాలి. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో పొడవుగా, సన్నగా ఉండే సిటికెన పుల్ల వేరువేరుగా తెలియాలి. కాళ్ళకు గజ్జెలు, నడుముకు చుట్టిన గుడ్డ కొస ఉండాలి. ఇంతకన్నా ఎక్కువ వివరాలు చిన్న తెరమీద కలిసిపోతాయి.

కొలతల విషయానికి వస్తే, పెద్ద మనిషి ఎత్తు అతని తలకు సుమారు ఏడున్నర రెట్లు ఉంటుంది. గేమ్ పాత్రలకు చాలాసార్లు మూడు, నాలుగు తలల ఎత్తే ఇస్తారు. తల పెద్దదైతే ముఖంలోని భావం చిన్న తెరమీద కూడా కనపడుతుంది.

రెండవ దశ: కీళ్ళు

ఇక్కడ మనకు దగ్గరి చుట్టం ఒకటున్నది. అదే తోలుబొమ్మలాట. మన ఆంధ్ర తోలుబొమ్మలు పెద్దవి. వాటికి భుజం, మోచేయి, నడుము, మోకాలు దగ్గర కీళ్ళు ఉంటాయి. పక్కనున్న ఒడిశాలోని రావణఛాయ బొమ్మలు ఒకే ముక్కతో చేసినవి, వాటికి కీళ్ళు ఉండవు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గ్రామంలో ఈ కళ నేటికీ జీవించి ఉన్నది. అక్కడి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. 2020లోనే పూణేలోని ఒక బృందం విడుదల చేసిన రాజీ అనే గేమ్‌లో, కథ చెప్పే ఘట్టాలను తోలుబొమ్మల నీడల రీతిలో చూపించారు.

కంప్యూటర్‌లో బొమ్మకు కీళ్ళు అమర్చే పనిని రిగ్గింగ్ అంటారు. తోలుబొమ్మ చేసినవారు చేసే పనే ఇది. ముందు బొమ్మను ముక్కలుగా గీయాలి. మా పాత్రకు తల, ఛాతీ, నడుము కలిపి మూడు ముక్కలు. ఒక్కొక్క చేతికి దండ, ముంజేయి, అరచేయి చొప్పున ఆరు. ఒక్కొక్క కాలికి తొడ, పిక్క, పాదం చొప్పున ఆరు. డప్పు ఒకటి, పుల్లలు రెండు. మొత్తం 18 ముక్కలు.

ముక్క చివరను కీలు దగ్గర సరిగ్గా కత్తిరించినట్టు ఆపకూడదు. గుండ్రంగా, కాస్త లోపలికి పొడిగించి గీయాలి. అప్పుడు మోచేయి వంచినా మధ్యలో ఖాళీ కనపడదు. తిరిగే ఇరుసును ఆ గుండ్రానికి సరిగ్గా నడిమధ్య పెట్టాలి. ఇరుసు పక్కకు జరిగితే చేయి భుజం నుండి ఊడిపోయినట్టు కనిపిస్తుంది.

తరువాత ఏ ముక్క దేనిని అనుసరించాలో చెప్పాలి. దీన్ని తల్లీబిడ్డల వరుస అనుకోవచ్చు. నడుము అన్నిటికీ తల్లి. ఛాతీ నడుముకు బిడ్డ, దండచేయి ఛాతీకి బిడ్డ, ముంజేయి దండచేతికి బిడ్డ, అరచేయి ముంజేతికి బిడ్డ, సిర్ర అరచేతికి బిడ్డ. తల్లి కదిలితే బిడ్డ వెంట వస్తుంది. బిడ్డ కదిలితే తల్లి కదలదు. డప్పు ఎవరి బిడ్డ? అది చేతులకు దగ్గరగా ఉన్నా చేతికి కట్టకూడదు. భుజానికి వేలాడుతుంది కాబట్టి ఛాతీకి కట్టాలి. లేకపోతే చేయి ఎత్తినప్పుడల్లా డప్పు కూడా పైకి లేస్తుంది.

నడిచేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. నేలమీద ఆనిన పాదం జారకూడదు. అందుకని పాదాన్ని ఒకచోట నిలిపి, దానికి తగినట్టు మోకాలు ఎంత వంగాలో కంప్యూటర్‌నే లెక్కగట్టమంటారు. దీనిని ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటారు. పేరు పెద్దదే గానీ లోపల ఉన్నది మన పదవ తరగతి త్రికోణమితే. తొడ పొడవు, పిక్క పొడవు, నడుము నుండి పాదానికి దూరం తెలిస్తే త్రిభుజం కోణాలు వస్తాయి.

కీళ్ళు లేకుండా తప్పించుకున్న పాత్ర కూడా ఒకటున్నది. 1995లో వచ్చిన రేమాన్ అనే ఆటలో నాయకుడికి దండలు, పిక్కలు ఉండవు. అరచేతులు, పాదాలు గాలిలో తేలుతుంటాయి. కదలిక సరిగ్గా ఉండడం వల్ల లేని చేయి కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. దీనిని బట్టి మూడవ దశ ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

మూడవ దశ: కదలిక

కొద్దికొద్దిగా మారే బొమ్మలను వేగంగా ఒకదాని తరువాత ఒకటి చూపిస్తే కన్ను దానిని కదలికగా చూస్తుంది. సాధారణంగా సెకనుకు 24 బొమ్మల లెక్క తీసుకుంటారు. నడకలో ముఖ్యమైన భంగిమలు నాలుగు. మడమ నేలకు తాకడం, బరువు పడి ఒళ్ళు కిందికి దిగడం, ఒక కాలు రెండో కాలిని దాటడం, ఒళ్ళు పైకి లేవడం. ఈ నాలుగూ కుడికాలికి, ఎడమకాలికి వేస్తే 8 భంగిమలు. వీటినే మళ్ళీమళ్ళీ తిప్పితే పాత్ర ఎంత దూరమైనా నడుస్తుంది.

భంగిమకు భంగిమకు మధ్య ఎంత కాలం పట్టాలన్నదే అసలు విద్య. ఇక్కడ మాకు డప్పే గురువయింది. నిమిషానికి 120 దెబ్బలు పడే దరువులో సెకనుకు రెండు దెబ్బలు. అంటే దెబ్బకు 12 బొమ్మలు. దరువు ఎక్కి నిమిషానికి 180 అయితే దెబ్బకు 8 బొమ్మలే. ఆ 12 బొమ్మలను సమానంగా పంచితే చేయి గడియారం ముల్లులా తిరుగుతుంది, దెబ్బలో బలం కనపడదు. సిర్ర ఎత్తడానికి 9 బొమ్మలు, దించడానికి 3 బొమ్మలు ఇస్తే దెబ్బ పడినట్టు తెలుస్తుంది. నెమ్మదిగా ఎత్తడాన్ని చూసి కన్ను దెబ్బకు సిద్ధపడుతుంది. డిస్నీ సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్‌లు 1981లో ప్రచురించిన పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. ఇలా ముందుగా సూచించడం వాటిలో ఒకటి.

అయితే సినిమాకు, గేమ్‌కు ఒక భేదమున్నది. గేమ్‌లో మీట నొక్కిన వెంటనే మన పాత్ర కదలాలి. సిద్ధపడడానికి ఎక్కువ సమయం తీసుకుంటే ఆడేవారికి విసుగు వస్తుంది. అందుకే మన పాత్ర సూచన చాలా పొట్టిగా ఉంటుంది. శత్రువు సూచన మాత్రం పొడవుగా ఉంటుంది. అప్పుడే తప్పుకోవడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. ఇక ఏ మీటా నొక్కనప్పుడు పాత్ర కొయ్యబొమ్మలా ఉండకూడదు, ఊపిరి పీలుస్తూ ఉండాలి. మా కళాకారుడు ఆ సమయంలో చిన్న మంట దగ్గర కూర్చుని డప్పు కాచుకుంటాడు.

కీళ్ళు లేకుండా ప్రతి బొమ్మనూ విడిగా గీసే దారి కూడా ఉన్నది. 2017లో వచ్చిన కప్‌హెడ్ గేమ్ పాత్రలను కాగితం మీద పెన్సిల్‌తో, సిరాతో ఒక్కొక్కటిగా గీశారు. అది అందంగా ఉంటుంది గానీ సంవత్సరాల శ్రమ. కీళ్ళబొమ్మ అయితే 18 ముక్కలు ఒకసారి గీసి, నడక, పరుగు, దూకుడు అన్నిటికీ వాడుకోవచ్చు. కంప్యూటర్ మెమొరీ కూడా తక్కువ పడుతుంది.

మెమొరీ చాలకపోవడం కూడా ఒక్కొక్కసారి మేలే చేస్తుంది. 1989లో అమెరికాలో జోర్డాన్ మెక్‌నర్ ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆట తయారుచేశారు. తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాని మీద నుండి బొమ్మలు గీశారు. ఆ బొమ్మలకే మెమొరీ అయిపోవడంతో శత్రువుకు చోటు మిగలలేదు. అప్పుడు నాయకుడి బొమ్మలనే లెక్క మార్చి నీడమనిషిగా చూపించారు. తన నీడతోనే తాను పోరాడే ఆ ఘట్టం ఆ ఆటకే పేరు తెచ్చింది.

ఎవరి రూపం గీయాలి?

ఈ ప్రశ్న మీద మేము ఎక్కువ సేపు చర్చించుకున్నాము. మనం చూసే బొమ్మలలో చాలావరకు నాయకుడు తెల్లగా, దుర్మార్గుడు నల్లగా ఉంటాడు. పనివాళ్ళు నవ్వించడానికే కనపడతారు. ఇది బొమ్మల శాస్త్రం అడిగిన నియమం కాదు. గుండ్రని ఆకారం స్నేహాన్ని, చతురస్రం బలాన్ని, మొనదేలిన త్రిభుజం ప్రమాదాన్ని సూచిస్తాయి. ఈ ఆకారాలు చాలు, ఒంటి రంగుతో పనిలేదు. ఒకనాడు ఊరి చాటింపుకు, చావుకు వెట్టిగా కొట్టించిన డప్పు నేడు వేదికల మీద గౌరవంగా మోగుతున్నది. ఆ డప్పు పట్టిన మనిషిని నాయకుడిగా, మన ఒంటి రంగుతోనే గీశాము.

కదలికలు కూడా మన ఇళ్ళలోనే ఉన్నాయి. నెత్తిన బరువు పెట్టుకుని నడిచే అమ్మను గమనించండి. తల కదలదు, ఊగేది నడుమే. నాట్లు వేసేవారు వెనక్కి నడుస్తారు. తాడిచెట్టు ఎక్కేవారు మోకు మీద ఒరిగి, కాళ్ళతో నెట్టుకుంటూ పైకి పోతారు. ఈ నడకలను పుస్తకంలో చూసినవారికన్నా రోజూ కళ్ళతో చూసినవారు బాగా గీయగలరు. వాటిని మనం గీయకపోతే ఇంకొకరు వచ్చి గీస్తారన్న నమ్మకం లేదు.

ఎలా మొదలుపెట్టాలి?

కంప్యూటర్ లేకుండానే మొదలుపెట్టవచ్చు. పాత అట్టముక్క మీద బొమ్మ గీసి, ముక్కలు కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో ముడివేయండి. కొద్దికొద్దిగా జరుపుతూ, వార్డెన్ గారి అనుమతితో ఒక సెల్‌ఫోనులో ఒక్కొక్క ఫోటో తీయండి. 24 ఫోటోలు తీస్తే ఒక సెకను కదలిక వస్తుంది. ఇరుసు ఎక్కడుండాలో ఆ అట్టబొమ్మే నేర్పుతుంది.

కంప్యూటర్ దొరికితే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. బొమ్మ గీయడానికి క్రీటా, చేతితో ఒక్కొక్క బొమ్మ వేయడానికి పెన్సిల్ టూడీ, కీళ్ళు అమర్చి గేమ్‌గా మార్చడానికి గోడాట్. వీటికి డబ్బు కట్టనక్కరలేదు, దొంగ కాపీలూ అక్కరలేదు.

ఈ విద్యతో ఉద్యోగం తప్పక వస్తుందని మేము హామీ ఇవ్వము. పదవ తరగతి, ఇంటర్ చదువు పక్కన పెట్టమని అసలే చెప్పము. లక్షల రూపాయల ఫీజు అడిగే ప్రైవేటు కోర్సులో చేరే ముందు కనీసం ఒక నడక, ఒక దూకుడు సొంతంగా చేసి చూడండి. మీకు ఇష్టమో కాదో అప్పుడే తెలుస్తుంది. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ యానిమేషన్‌లో డిగ్రీ చదవవచ్చు.

పూర్వ విద్యార్థి అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక విన్నపం. మీ ఇంట్లో, ఆఫీసులో మూలన పడిన పాత కంప్యూటర్ ఉంటే మన హాస్టల్‌కు పంపండి. దానిమీద వచ్చే వార్షికోత్సవానికి ఇంకెన్ని పాత్రలు నడుస్తాయో చూద్దాం. అప్పటివరకు అట్టముక్క, కత్తెర, దారం మన చేతిలోనే ఉన్నాయి.