పురుగుకు పహాణీ

మా మండలంల ఒక కుంట ఉంది. దాని శిఖంల లారీలు పెట్టి మట్టి పోస్తున్నరని మేం నలుగురం పోయి దరఖాస్తు ఇచ్చినం. "ఈ కుంటను నమ్ముకొని ఎన్నో జీవాలు బతుకుతున్నయి సార్" అన్న. కుర్చీల కూసున్నాయన తల ఎత్తకుంటనే అడిగిండు: "ఏం జీవాలు? ఎవరు చూసిన్రు? ఎప్పుడు?" నా దగ్గర కోపం ఉంది గని కాయితం లేదు. బయటికొచ్చి చాయ్ తాగుకుంట ఆయన్ని మస్తు తిట్టినం. ఇంటికి పోయినంక మాత్రం అనిపించింది, అడిగిన తీరు బాగలేదు గని అడిగిన ముచ్చట తప్పు కాదు.

ఆ మూడు ప్రశ్నలకు జవాబు ఎట్ల తయారుజేస్తరని ఎతుక్కుంట పోతే, ఎక్కడో ఇంగ్లండ్‌ల నార్ఫోక్ అనే కౌంటీల తేలిన. కౌంటీ అంటే మన జిల్లా అసొంటిది అనుకోండ్రి. 1864ల ఆడ రాన్‌వర్త్ అనే ఊరికాడి నీటిమడుగులల్ల చార్లెస్ ఫెన్ అనేటాయన ఒక రెక్కల పురుగును పట్టిండు. పుస్తకాలల్ల దీన్ని చిమ్మట అని రాస్తరు గని, మాకు చిమ్మట అంటే రాత్రిపూట అరిచే పురుగు. అందుకే నేను రెక్కల పురుగనే అంట. అప్పటిదాక దానికి పేరు లేకుండె. ఇప్పుడు ఫెన్స్ వెయిన్‌స్కాట్ అంటున్నరు. ఇంగ్లీషుల చిత్తడి నేలను కూడ ఫెన్ అంటరు గని, ఈ పేరు నేలది కాదు, మనిషిది. చూడనీకె అందమేం లేదు. ఎండుగడ్డి రంగు, ముంగటి రెక్క మొదట్ల ఒక పొట్టి నల్లగీత. శాస్త్రం పేరు బ్రెవిలీనియా అన్నా గదే అర్థం, పొట్టి గీత. తమాషా ఏందంటే ఆ గీత లేకుంట పుట్టేటివి కూడ ఉన్నయి. ఒక్క గీతనే నమ్ముకుంటే గాడనే మోసపోతం.

బ్రిటన్‌ల అది దొరికేది ముఖ్యంగ నార్ఫోక్, పక్కనున్న సఫోక్ కౌంటీల నీటిగడ్డి దుబ్బులల్లనే. ఆ గడ్డి మనిషి కంటె ఎత్తు పెరుగుతది. దాని దగ్గరి చుట్టాన్ని మన కొల్లేటి దిక్కు కిక్కస అంటరు. పురుగు పిల్ల మొదట కాడ లోపల తిని బతుకుతది. పెద్దగైనంక రాత్రిపూట ఆకులు తిని, పగలు ఇరిగిన పాత బొంగులల్ల దాసుకుంటది. గడ్డి మొత్తం ఒకేసారి కోస్తే ఇల్లు పోయినట్టే. ఇంకో సంగతి, నార్ఫోక్ బ్రాడ్స్ అని పిలిచే ఆ మడుగులు దేవుడు చేసినవి కావు. వందల ఏండ్ల కింద పొయ్యిలకని పీట్ మట్టి తవ్వితే పడ్డ గుంతలు. జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త 1950లల్ల ఆ సంగతి బయటపెట్టింది. అంటే మన చెరువుల లెక్కనే మనుషుల చేతి పని. "ఇది సహజ సరస్సు కాదు గదా" అని ఎవరన్న వాదం తెస్తే ఈ ముచ్చట చెప్పుండ్రి.

ఇగ అసలు రికార్డు అంటే ఏంది? పహాణీలెక్కనే, గడులు నింపాలె. ఏ పురుగు, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు చూసిన్రు. ఈ నాలుగిట్ల ఒకటి లేకున్నా అది ముచ్చటనే గని రికార్డు కాదు. "మా ఊరి చెరువుల చూసిన" అంటె నడవది. మ్యాపు మీద గడి నంబరు ఇయ్యాలె. జిల్లాల గీతల మీద వాళ్లకు నమ్మకం లేదు, ఎందుకంటే సర్కారు మార్చుకుంట ఉంటది. అందుకే హెవెట్ వాట్సన్ అనే వృక్షశాస్త్రవేత్త 1852ల బ్రిటన్‌ను 112 తుకడాలుగ గీసి పెట్టిండు. ఇప్పటికీ పురుగుల లెక్క ఆ గీతల మీదనే నడుస్తది. నార్ఫోక్‌ను తూర్పు, పడమర అని రెండు జేసిండు. మనం 10 జిల్లాలకెళ్లి 2016ల 31కి, తర్వాత 33కి వచ్చినం. ఎన్కటి కాయితంల "వరంగల్ జిల్లా" అని మాత్రమే ఉంటే ఇప్పుడు ఏ జిల్లాల ఎతుకుతరు?

పట్టుడు సులువే. ఎన్కట తెల్ల బట్ట, దీపం. 1950ల రాబిన్సన్ అన్నదమ్ములు ఒక డబ్బ తయారుజేసిన్రు. మీద పెద్ద బల్బు, కింద గరాటు, లోపల కోడిగుడ్ల అట్టలు. పురుగులు లోపల పడి అట్ట గుంతలల్ల పండుకుంటయి. తెల్లారి ఫొటో తీసి, లెక్క రాసి, ఇడిచిపెడుతరు. పున్నమి వెన్నెలల తక్కువ వస్తయి, మబ్బుపట్టి ఉక్కపోసిన రాత్రి ఎక్కువ.

కష్టమంతా పేరు కాడనే. ప్రతి కౌంటీకి ఒక రికార్డరు ఉంటరు. ఎక్కువమంది జీతం లేకుంట చేసేటోళ్లే. మామూలు పురుగైతే సరే అంటరు. ఫెన్స్ వెయిన్‌స్కాట్ అసొంటి అరుదైనదైతే ఫొటో అడుగుతరు. అది జూలై, ఆగస్టులల్ల ఎగిరేటిది. మే నెలల చూసిన అంటే నమ్మరు. పొలుసు రాలి రంగు పోయిన పురుగులు కొన్నిటికైతే కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప పేరు తేలది. మన దిక్కు ఎవరన్న సాక్ష్యం అడిగితే "నా మీద నమ్మకం లేదా" అని అలుగుతం. ఆడ అడుగుడే మర్యాద. ఇంకోటి, లైటుకు ఒక్కటి వచ్చినంత మాత్రాన ఆ మడుగుల దాని కాపురం ఉన్నట్టు కాదు. గాలికి కొట్టుకొచ్చి ఉండొచ్చు. కాడలల్ల పిల్లపురుగు దొరికితే అది గట్టి సాక్ష్యం.

ఈ గడులు నింపుడుతోని ఏమొచ్చింది అంటరా? దక్షిణ ఇంగ్లండ్‌ల అన్నిటికంటె పెద్దదైన విటిల్సీ మియర్ అనే సరస్సును 1851ల పంపులు పెట్టి ఎండగొట్టి పొలాలు చేసిన్రు. ఆ దిక్కు చిత్తడి నేలలల్ల బతికిన రీడ్ టసక్ అనే రెక్కల పురుగు ఆఖరుకు కనబడ్డది 1879ల, వికెన్ ఫెన్‌ల. తర్వాత బ్రిటన్‌ల లేదు. రాసినోళ్లు ఉన్నరు గనుకనే పోయిందని తెలిసింది. పురుగుల కోసం వికెన్‌కు తిరిగినోళ్లకు ఆ నేల విలువ ఎర్కైంది. 1899ల నేషనల్ ట్రస్ట్ ఆడ 2 ఎకరాలు 10 పౌండ్లకు కొన్నది. ఇప్పటికీ నిలిచి ఉంది. 2021ల వచ్చిన నివేదిక ప్రకారం బ్రిటన్‌ల పెద్ద రెక్కల పురుగుల సంఖ్య 50 ఏండ్లల్ల 33 శాతం తగ్గింది. ఆ అంకె రాత్రుల్ల డబ్బ పెట్టి తెల్లారి లెక్క రాసినోళ్ల నుంచే వచ్చింది.

మనకు ఈ పని కొత్తేం కాదు తమ్ముడూ. వరిల గులాబిరంగు మొగిపురుగు ఉంటది చూడు, అది ఈ ఫెన్స్ వెయిన్‌స్కాట్ కుటుంబమే, నాక్టూయిడే. అది కూడ కాడ తొలిచేటిదే. మనం దీపపు ఎర పెట్టి, ఎన్ని పడ్డయో ఎంచి, మందు కొట్టాల్నా వద్దా అని చూస్తం. పంటకు నష్టం చేసేదాన్ని మాత్రమే ఎంచుతం. కుంటకాడ ఊకె ఉన్నదాన్ని ఎవ్వలు ఎంచలే.

నేను పోయిన వానకాలం నుంచి మొదలువెట్టిన. తెల్ల ధోతి, చార్జింగ్ బల్బు, ఫోను. ఫొటోలు ఐనాచురలిస్ట్‌ల పెడుత. మొదటి దానికి పేరు నేనే గట్టిగ పెట్టిన, రెండు రోజులకే ఒకరు తప్పని చెప్పిన్రు. ఇంకొకరు కూడ అదే చెప్పిన్రు. మార్చుకున్న. ఇప్పుడు తెల్వకుంటే తెల్వదనే పెడుత, తేదీ, జాగ మాత్రం తప్పనియ్య. పురుగు పేరు చెప్పంగనే లారీలు ఆగవు, అది నాకు ఎర్కనే.

నోటుబుక్కుల 37 వరుసలైనయి. అండ్ల 11 ఇంకా పేరు లేనివే. మా గల్లీ పిల్లలు ఇద్దరు నాతోని వస్తున్నరు, వాళ్ల పేర్లు కూడ "ఎవరు చూసిన్రు" గడిల ఉన్నయి. సోమవారం ప్రజావాణి ఉంది. జిరాక్స్ తీయించిన.