కొసరి వడ్డించే ముందు...

కిందటేడు మా బంధువుల పెళ్లిలో మా వదిన, అంటే మావారి అక్కయ్య, మూడు గంటలసేపు నిలబడే ఉంది. కుర్చీ తెచ్చి "కూర్చోండి వదినా" అంటే, "వద్దులే, నిలబడితేనే హాయిగా ఉంది" అంది. ఇంటికొచ్చాక అసలు సంగతి చెప్పింది. అంతకుముందు ఓ పెళ్లిలో తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ విరిగి కింద పడిందట. నవ్వినవాళ్లలో మనవాళ్లే ఎక్కువట.

వదినకి 46 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. షుగరుకి ఇన్సులిన్, మోకాళ్ల నొప్పులు, రాత్రి నిద్రలో ఊపిరాగి ఉలిక్కిపడి లేవడం. చెయ్యని ప్రయత్నం లేదు. పొద్దున తేనె నిమ్మరసం, రాత్రి జొన్నరొట్టె, సాయంత్రం నడక. పది కిలోలు తగ్గేది, ఏడాది తిరక్కుండా పన్నెండు పెరిగేది. "కాస్త నోరు కట్టుకోవాలి మరి" అని అందరం అన్నాం. నేనూ అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.

ఎందుకంటే, డాక్టరుగారు చెప్పింది వేరు. బాగా బరువు తగ్గగానే ఒళ్లు దాన్ని కరువొచ్చినట్టు లెక్కేసుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. దాంతో పోరాడి గెలవడం కొందరికి సాధ్యం కాదు. అది జబ్బు, బద్ధకం కాదు.

ఆపరేషన్ మాట వినగానే అత్తయ్యగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఆ హీరోయిన్ ఏమైందో మర్చిపోయారా?" అన్నారు. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకుముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పేపర్లలో వచ్చింది. కానీ ఇదీ అదీ ఒకటి కాదు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగెయ్యడం. ఒంటి తీరు దిద్దుకోవడానికే తప్ప స్థూలకాయానికి వైద్యం కాదు. బేరియాట్రిక్ ఆపరేషన్ జీర్ణకోశానికి, పేగుకి చేస్తారు. ఆకలి, షుగరు కూడా దానివల్ల మారతాయి.

ఎవరికి చేస్తారు?

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. అది 35 ఉంటే వేరే జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. ఆసియావాళ్లకి ఈ హద్దు ఇంకా తక్కువే. వదినది 46 దాటింది.

ఏ ఆపరేషన్?

స్లీవ్‌లో జీర్ణకోశాన్ని నిలువుగా కోసి, సుమారు మూడొంతులు పైగా తీసేస్తారు. అరటికాయంత గొట్టం మిగులుతుంది. తీసేసింది మళ్లీ రాదు. బైపాస్‌లో పైన చిన్న సంచీలా విడదీసి, దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది అడ్డదారిన పోతుంది. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ కూడా ఉంది. ఒకప్పుడు జోరుగా వేసిన బ్యాండు ఇప్పుడు బాగా తగ్గిపోయింది. బెలూన్ ఆపరేషన్ కాదు, నోటి ద్వారా పెట్టి కొన్ని నెలలకి తీసేస్తారు. 2025లో మన దేశానికి కొత్త ఇంజెక్షన్లూ వచ్చాయి, కానీ మానేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది.

వదినకి ఎప్పట్నుంచో పుల్లతేన్పులు, గుండెల్లో మంట. స్లీవ్‌తో అది ఎక్కువ కావచ్చనీ, షుగరుకి కూడా బైపాస్ మేలనీ డాక్టరుగారు అన్నారు. అందుకే, పక్కింటావిడ చేయించుకున్నదే మనమూ చేయించుకుందామనుకోకూడదు.

"ప్రాణానికి?" అని అత్తయ్యగారు సూటిగా అడిగారు. భయం లేదని నేను చెప్పలేను. 4,776 మందిని చూసి 2009లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, నెలలోపు చనిపోయినవాళ్లు 0.3 శాతం. అతుకు దగ్గర లీకు, రక్తం గడ్డకట్టడం లాంటివి రావచ్చు. ఇలాగే ఉండిపోవడమూ ప్రమాదమే కదా అంది వదిన. నిర్ణయం ఆమెదే.

ఖర్చు లక్షల్లోనే. 2019 బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం, 18 ఏళ్లు నిండి బీఎంఐ 40 దాటినవాళ్లకీ, 35 దాటి అదుపులోకి రాని షుగరు, తీవ్రమైన నిద్రలో ఊపిరి ఇబ్బంది లాంటివి ఉన్నవాళ్లకీ, డాక్టరు సలహాతో చేయించుకుంటే బీమా అందే వీలుంది. పాలసీలో ఎన్నాళ్లు ఆగాలో ముందే చూసుకోండి.

అసలు పని తర్వాతే

ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. 112 నుంచి 81కి వచ్చింది. ఇన్సులిన్ పోయింది, ఒక మాత్ర మిగిలింది. మొదట్లో నీళ్ల పదార్థాలే, తర్వాత మెత్తగా మెదిపినవి. అన్నంతోపాటు నీళ్లు తాగకూడదు. ముందు పప్పు, గుడ్డు, పెరుగు, ఆ తర్వాతే అన్నం. తీపి తింటే చెమటలు, గుండెదడ. నాలుగో నెలలో జుట్టు దువ్వెన నిండా వచ్చేది. ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి మాత్రలూ రక్తపరీక్షలూ జీవితాంతం. పిల్లల్ని కనాల్సిన వయసువాళ్లు ఏడాది, ఏడాదిన్నర ఆగాలట. అశ్రద్ధ చేస్తే బరువు మళ్లీ పెరగొచ్చు కూడా.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వదిన రెండు చెంచాల పులిహోర తిని, చాలంది. నిన్నటిదాకా "ఎంత తింటావే" అన్నవాళ్లే "ఏమిటే, పిట్టతిండి? ఇంకొంచెం వేసుకో" అని గరిటె పట్టుకొచ్చారు. అత్తయ్యగారు కూడా అలవాటుకొద్దీ బూరె వెయ్యబోయారు. వదిన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతినే పట్టుకుని అత్తయ్యగారు బూరె వెనక్కి తీసుకున్నారు.

కత్తి పట్టే పని డాక్టర్లది. గరిటె మాత్రం మన చేతుల్లోనే ఉంది. వద్దన్నవాళ్ల విస్తట్లో వెయ్యకపోవడం, కుర్చీ విరిగితే నవ్వకపోవడం, ఈ రెండూ మనం చెయ్యగలం కదూ?