క్యాన్సర్: దేశదేశాల అంకెలు చెప్పే హితవు

“అమెరికాలో క్యాన్సర్ వచ్చినవారు బ్రతుకుతారట, మన దేశంలో బ్రతకరట, నిజమేనా వైద్యులవారూ?” అని పల్నాటి గృహస్థులు నన్ను తరచుగా అడుగుతుంటారు. అందులో కొంత నిజమున్నది. అయితే దాని కారణాన్ని తెలుసుకొనటం ముఖ్యం.

71 దేశాలకు చెందిన 3.75 కోట్ల రోగుల వివరాలను పరిశీలించిన ‘కాంకార్డ్-3’ అధ్యయనం 2018లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడింది. 2010-14 మధ్య రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన స్త్రీలలో, ఇతర కారణాల మరణాలను మినహాయించి లెక్కిస్తే, అయిదేళ్లు జీవించినవారు అమెరికాలో నూటికి 90 మంది, మన దేశంలో 66 మంది. మన అంకె కొన్ని నమోదు కేంద్రాల పరిధిలోనిదే.

తేడా ఎక్కడ?

అక్కడ గడ్డ చేతికి తగలకముందే మామోగ్రఫీ పరీక్షలో బయటపడుతుంది. ముందుగా గుర్తించినందువల్ల లెక్కలో కొన్నేళ్లు అదనంగా కనబడే మాట నిజమే. అయినా తొలిదశ చికిత్స ప్రాణాలు నిలుపుతుందనటంలో సందేహం లేదు. ఇక్కడ చాలామంది వ్యాధి ముదిరిన తరువాతే ఆసుపత్రికి చేరుతున్నారు. ఖర్చుకు, దూరానికి వెరచి చికిత్సను మధ్యలో మానేవారూ ఉన్నారు.

సుశ్రుతుడు వ్యాధికి సంచయం మొదలు భేదం వరకు ఆరు క్రియాకాలాలు చెప్పాడు. దోషాన్ని సంచయ దశలోనే అణచివేస్తే అది పై దశలకు పోదన్నాడు. అర్బుదాలకు శస్త్రకర్మను కూడా విధించాడు. కనుక గడ్డపై జిల్లేడు పాలు, పసుపు పట్లు వేస్తూ నెలలు గడపటం ఆయుర్వేదం అనిపించుకోదు.

ఉపేక్షించరాని లక్షణాలు

● రొమ్ములో గడ్డ. నొప్పి లేకపోయినా సరే
● చనుమొన లోనికి పోవటం, నెత్తురు స్రవించటం
● మూడు వారాలైనా మానని నోటిపుండు. పొగాకు, చుట్ట అలవాటున్నవారు మరీ జాగ్రత్త వహించాలి
● ముట్లుడిగిన తరువాత రక్తస్రావం

వీటిలో ఏది కనిపించినా సిగ్గుపడక వెంటనే పరీక్ష చేయించుకోవాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో క్యాన్సర్ చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా సాగుతున్న పథకంలో అర్హులకు క్యాన్సర్ చికిత్స లభిస్తుంది.

చికిత్సాకాలంలో తేలికగా జీర్ణమయ్యే పెసరకట్టు, జావ వంటివి వైద్యుని సలహాపై ఇవ్వవచ్చు. కషాయాలు, లేహ్యాలు వాడదలచినచో ఆ సంగతి క్యాన్సర్ వైద్యునికి తప్పక తెలపాలి.

90కీ 66కూ మధ్యనున్న అంతరాన్ని తగ్గించటం ప్రభుత్వాల బాధ్యత. గడ్డను గుర్తించిన వారంలోగా ఇల్లాలిని పరీక్షకు తీసుకొనిపోవటం మాత్రం ఇంటివారి బాధ్యత.