కార్డు మార్చేదెప్పుడు?

బాహుదా నది సముద్రంలో కలిసే మా సోనేపూర్‌లో ఇనుము బ్రతుకెంతో ఒకరు చెప్పనక్కరలేదు. కిటికీ చువ్వలు, సైకిలు గొలుసు, కుట్టుమిషను, దేనినీ ఉప్పుగాలి విడిచిపెట్టదు. కంప్యూటరును మాత్రం ఎందుకు విడుస్తుంది?

మా ఇంటి కంప్యూటరులోని గ్రాఫిక్సు కార్డు 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ రకం. దానికి నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్నది. మా పెద్దవాడు పెళ్ళి వీడియోలు కూర్చి నాలుగు డబ్బులు తెచ్చేది దాని మీదనే. వైశాఖంలో బరంపురం పెళ్ళి ఒకటి కూరుస్తుండగా యంత్రం ముమ్మారు ఆగిపోయింది. "కొత్త కార్డు కొనేద్దాం, నాన్నా" అన్నాడు వాడు. చేతిలో ఉన్న సొమ్ము అమ్మాయి కాలేజీ జీతానికి దాచినది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు.

మరునాడు పెట్టె మూత విప్పి చూస్తిమి. కార్డు ఫాను రెక్కల నిండా దుమ్ము, ఉప్పు కలిసి ముద్ద కట్టి ఉన్నది. వేడి మితిమీరితే కార్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటుందట. వాడు మెత్తని కుంచెతో తుడిచి, ఎండిపోయిన పేస్టు మార్చి, కొసనున్న బంగారు పూత పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దినాడు. ఆ పెళ్ళి ఒక్కసారైనా ఆగకుండా పూర్తయినది! ముందే కొని ఉంటే ఏమయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చును.

అయినా పిల్లవాడి మాట వట్టిది కాదు. విండోసులోని టాస్క్ మేనేజరు తెరిచి, పని జరుగుతుండగా చూచితిమి. ప్రాసెసరు నూటికి నూరు పాళ్ళు శ్రమపడుతూ కార్డు తీరికగా ఉంటే, కార్డు మార్చినా ప్రయోజనం లేదు. మా దాంట్లో మామూలు హెచ్‌డీ వీడియోకు అంతా సుఖమే. ఫోర్‌కే వీడియో పెట్టేసరికి కార్డు మెమరీ అంచుల దాకా నిండిపోతున్నది. దానికీ ఒక ఉపాయమున్నది. చిన్న నకళ్ళు తీసుకొని కూర్చి, తుదిరూపానికి మాత్రం అసలు వీడియో వాడడం. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఎన్విడియా వారు ఈ తరం కార్డులకు కొత్త మెరుగులు 2025 అక్టోబరుతో ఆపివేసినారు. రక్షణకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. అంచేత మా గడువు అది.

కొనేటప్పుడు కరెంటు లెక్క కూడా ఉన్నది. మా పాతది 75 వాట్లలోపే, బోర్డు నుంచే తీసుకుంటుంది. పన్నెండు గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 వాట్లు. మా పవర్ సప్లయి కూడా మార్చవలసివస్తుంది. 2024లో వచ్చిన ఆరు గిగాబైట్ల 3050కి 70 చాలును. సెకండ్‌హాండ్ బేరాలు మాకు పడవు. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారేదాకా రాత్రింబవళ్ళు నాణేల వేటలో కాగిన కార్డులెన్నో ఆ తరువాత బజారుకెక్కినవి.

అమ్మాయి జీతం కట్టేసినాము. వాడు ప్రతి పెళ్ళి డబ్బులోనూ కొంత ఒక బిస్కట్ డబ్బాలో వేస్తున్నాడు. నెలకొకసారి మూత విప్పి, ఒకటి కంప్యూటరుది, మరొకటి డబ్బాది, చూచుకుంటున్నాము.