ఏ గడిలో టిక్కు పెట్టాలి?

టెక్సాస్‌లో ఇల్లు కట్టించుకున్న మనవాళ్లను పైకప్పు ఎవరు వేశారని అడగండి. ‘మెక్సికన్స్’ అంటారు. ఆ కప్పు మీద మేకులు కొట్టినవాళ్లలో ఒకడిది హోండురాస్, ఇంకొకడిది గ్వాటెమాలా కావచ్చు, మూడోవాడి ముత్తాత కూడా టెక్సాస్‌లోనే పుట్టి ఉండొచ్చు. ఢిల్లీలో ‘మద్రాసీ’ అనిపించుకుని ఒళ్లు మండిన తెలుగువాడికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా చెప్పాల్సి వస్తోంది.

లాటిన్ అమెరికా మూలాలున్న వీళ్లను, అంటే ఇప్పటి మాటలో ‘హిస్పానిక్’లను, ఏమని రాసుకోవాలో అమెరికా ప్రభుత్వానికీ చాలాకాలం తేలలేదు. 1930 జనాభా లెక్కల్లో ‘మెక్సికన్’ ఒక జాతి. మెక్సికో అభ్యంతరం చెప్పడంతో 1940కల్లా వాళ్లంతా మళ్లీ తెల్లవాళ్లయ్యారు. పదేళ్లలో రంగు మార్చే సబ్బు ఎవరూ కనిపెట్టలేదు గానీ, గుమాస్తా కలానికి సాధ్యమైంది. 1970లో కొద్దిమందికి ఇచ్చిన ఫారంలో ‘మధ్య లేక దక్షిణ అమెరికా’ అని ఒక గడి పెట్టారు. ఆ దేశంలోనే మధ్య రాష్ట్రాల్లో, దక్షిణాదిలో ఉండేవాళ్లు కొందరు అది తమ గురించేననుకుని టిక్కు పెట్టేశారు. చివరికి ‘మీది హిస్పానిక్ మూలమా’ అని అందరినీ అడిగింది 1980లో. అప్పుడు తేలిన లెక్క 1.46 కోట్లు. 2020 నాటికి 6.21 కోట్లు, అంటే నూటికి దాదాపు 19 మంది.

ఇదంతా కంచె దూకి వచ్చిన జనమేనని టీవీ చర్చలు చూసేవాళ్ల నమ్మకం. 1970ల నుంచి 90ల దాకా వలసలు పోటెత్తిన మాట నిజమే. 2000 తర్వాత, ముఖ్యంగా మెక్సికో మూలాలవాళ్లలో, వచ్చినవాళ్ల కంటే అక్కడే పుట్టిన పిల్లలు ఎక్కువ. ఇవాళ ముగ్గురిలో ఇద్దరు అమెరికాలో పుట్టినవాళ్లే. ప్యూర్టోరికో ద్వీపం వాళ్లయితే 1917 నుంచీ అమెరికా పౌరులు. పైగా వయసులో వీళ్లు తెల్లవాళ్ల కంటే బాగా చిన్న. ఒక ఊళ్లో పెళ్లిళ్లు, పక్క ఊళ్లో షష్టిపూర్తులు జరుగుతుంటే ఏ ఊరు పెరుగుతుందో చెప్పడానికి పండితుడు అక్కర్లేదు.

‘అక్రమ వలస’ అన్న మాటకూ ఒక చరిత్ర ఉంది. 1942 నుంచి 1964 దాకా అమెరికా తానే ‘బ్రసేరో’ ఒప్పందం కింద మెక్సికో కూలీలను పిలిపించుకుంది. ఆ పథకం ఆగింది. 1965 వలస చట్టంతో అమెరికా ఖండాల దేశాల నుంచి వచ్చేవాళ్ల మీద మొదటిసారి సంఖ్యా పరిమితి పడింది. పొలం అదే, పంట అదే, కూలీ అతడే. కాగితం ఒక్కటే మారింది.

ఆ పొలాల్లో ‘ఎల్ కోర్తితో’ అనే పనిముట్టు ఉండేది. అంటే ‘పొట్టిది’. పిడి మూరెడో, కాస్త ఎక్కువో ఉండే పార. దాంతో రోజంతా నడుము వంచే కలుపు తీయాలి. పొడుగు పిడి పెట్టడానికి కర్ర దొరక్క కాదు: ఎవరైనా నడుం ఎత్తితే మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోవాలి కదా. వెన్నెముకలు అరిగిపోయాక, కాలిఫోర్నియా 1975లో దాన్ని నిషేధించింది.

ఇప్పటి పరిస్థితి ఒక్క మాటలో ఒదగదు. చదువు మధ్యలో మానేసే యువత 2000లో నూటికి 28 మంది దాకా ఉంటే, 2021కి 8కి దిగింది. ఆస్తి సంగతి వేరు. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్లవాళ్ల మధ్యస్థ కుటుంబ ఆస్తి 2,85,000 డాలర్లు, వీళ్లది 62 వేల లోపు. ఆరోగ్య బీమా లేనివాళ్లూ వీళ్లలోనే ఎక్కువ. అయినా తెల్లవాళ్ల కంటే ఎక్కువేళ్లు బతుకుతారు. పొగ తక్కువ తాగడం, ఆరోగ్యవంతులే వలస రావడం లాంటి కారణాలు చెబుతారు గానీ చిక్కుముడి పూర్తిగా వీడలేదు. కోవిడ్ మాత్రం ఆ ఆధిక్యాన్ని బాగా కోసేసింది: 2019లో దాదాపు 82 ఏళ్లున్న ఆయుర్దాయం 2021కి 77.7కి పడిపోయింది. కబేళాల్లో, పొలాల్లో చేసే పనిని ఇంట్లో కూర్చుని చేయలేరు మరి.

ఫారం కథ ఇంకా ముగియలేదు. 2020లో జాతి అన్న ప్రశ్న దగ్గర వీళ్లలో కోట్లమంది ‘మరేదో జాతి’ గడి ఎంచుకున్నారు. దాంతో ‘మరేదో’ అన్నది దేశంలో రెండో పెద్ద జాతి అయి కూర్చుంది. 2024లో హిస్పానిక్ మూలం, జాతి అన్న రెండు ప్రశ్నలనూ కలిపి ఒక్కటి చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది.