మోటారు కాలకముందే వోల్టేజి చూడుడు



బోరులో నీరుండియు మోటారు కాలిపోయినచో చేతికి రానున్న పైరు ఎండిపోవును. 2016లో ఏర్పడిన నాగల్‌గిద్ద మండలమువంటి మెట్ట ప్రాంతములలో ఈ నష్టము చిన్నది కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. గంటలు ఎన్నియైనను, వోల్టేజి తగినంత లేనిచో మోటారునకు ముప్పే. ట్రాన్స్‌ఫార్మరునకు దూరముగా లైను చివరనున్న బావివద్ద, అందరును ఒకేసారి మోటార్లు వేసినపుడు వోల్టేజి పడిపోవును.

మూడు ఫేజుల మోటారునకు రెండు ఫేజుల నడుమ 415 వోల్టులు ఉండవలెను. అది 350కి దిగినచో మోటారు త్రిప్పుబలము నూటికి 71 పాళ్లే మిగులును. పంపు బరువు తగ్గదు గనుక మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కును. వేడి 10 డిగ్రీలు పెరిగినచో చుట్టపు తీగల పూత ఆయుష్షు సుమారు సగమగును.

ఈ వోల్టేజిని చూపు పరికరమును మైక్రోకంట్రోలరుతో చేయవచ్చును. అది 5 వోల్టులకు మించి సహింపదు. ధాన్యపు రాశిలో ఒక్క మానికెడు తీసి చూచినట్లు, ఇందు వోల్టేజిలో స్వల్ప భాగమునే తీసికొందుము. 3 లక్షల ఓముల రెసిస్టర్లు పదింటిని వరుసగా కలిపి, చివర 10 వేల ఓములది ఒకటి చేర్చవలెను. చివరిదానిపై 301వ వంతు నిలుచును. 440 వోల్టుల అల శిఖరము 622 వోల్టులు. అది 2 వోల్టులకు కొంచెము పైగా దిగును. ఒకే రెసిస్టరు అంత వోల్టేజిని ఓర్వలేదు, అందుకే పది.

అల సున్నకు దిగువకును పోవును గనుక దానిని 2.5 వోల్టుల మట్టమున నిలుపవలెను. కంట్రోలరు 5 వోల్టులను 1024 మెట్లుగా కొలుచును. ఒక్కొక్క మెట్టు లైనుమీద సుమారు ఒకటిన్నర వోల్టు. ఒక అలకు 20 మిల్లీసెకండ్లు. అందు 40 సారులు కొలిచి, ప్రతి కొలతనుండి మట్టమును తీసివేసి, వర్గముల సగటునకు వర్గమూలము కట్టి, 301చే గుణించినచో వోల్టేజి వచ్చును. మంచి మీటరుతో సరిచూచి ఈ గుణకమును సవరించవలెను.

ఇచట మిక్కిలి జాగ్రత్త అవసరము. లైనుతో కలిసియున్నపుడు ఈ పరికరపు ప్రతి భాగమును ప్రాణాపాయకరమే. ఫ్యూజు వేసి, మూసిన ప్లాస్టిక్ పెట్టెలో నుంచవలెను. అట్టి సమయమున కంప్యూటరునకు తీగతో కలుపరాదు. బిగించుట, విప్పుట లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేతనే, సరఫరా ఆపి జరుపవలెను. 11 వేల వోల్టుల లైనునకు దీనిని ఎన్నడును తగిలింపరాదు. దానికి 11 వేలను 110కి దించు ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ శాఖవారివద్ద నుండును.

మూడు జతల ఫేజులను ఉదయము, మధ్యాహ్నము, రాత్రి కొలిచి పుస్తకములో వ్రాసికొనుడు. మోటారు పలకపై చూపిన హద్దుకన్న తగ్గినచో మోటారు ఆపుడు. ఒక జత మిగిలిన వానికన్న బాగుగా తేడాగానున్నను ఆపుడు. గ్రామాధికారులు ఇట్టి లెక్కలను పలు బావులనుండి చేర్చి విద్యుత్ అధికారులకు చూపినచో, మాటలకన్న అంకెలు ఎక్కువ పని చేయును. లోపము ఏ ట్రాన్స్‌ఫార్మరువద్ద, ఏ వేళనున్నదో తెలిసినపుడే దానిని సరిచేయుట సులభము.