ఎవరి డబ్బు, ఎవరి కార్యక్రమం? - అమెరికా నల్లజాతి ఉద్యమమూ, ఫౌండేషన్ల నిధులూ

దళిత సంఘాల సమావేశాల్లో డబ్బు ప్రస్తావన వస్తే చాలు, గొంతులు పెరుగుతాయి. "ఫండు తీసుకున్నాడంటే అమ్ముడుపోయినట్టే" అని ఒకరంటారు. "మరి కార్యకర్తల బస్సు చార్జీలు నువ్విస్తావా?" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల మధ్య చర్చ ఏళ్ల తరబడి అక్కడే తిరుగుతోంది. రెండింటిలోనూ కొంత నిజం వుంది, కానీ రెండూ అసలు ప్రశ్నదాకా పోవు. డబ్బు వచ్చిందా లేదా అన్నదానికంటే, ఆ డబ్బు ఏ పనికి వచ్చింది, ఏ పనికి రాలేదు, ఎప్పుడు ఆగిపోయింది అన్నది చూడాలి. దానికి లెక్కలు బయటపడిన ఒక చరిత్ర కావాలి. అమెరికా నల్లజాతి పౌరహక్కుల ఉద్యమానికి ఆ లెక్కలు చాలావరకు దొరుకుతున్నాయి కాబట్టి ఇక్కడ దాన్ని తీసుకుంటున్నాం.

ముందు ఫౌండేషన్ అంటే ఏమిటో తేల్చుకుందాం. ఒక ధనిక కుటుంబం తన ఆస్తిలో కొంత భాగాన్ని ఒక నిధిగా పెడుతుంది. దానికి పన్ను మినహాయింపు దొరుకుతుంది. ఆ నిధి మీద వచ్చే ఆదాయాన్ని ఎవరికివ్వాలో ఒక బోర్డు నిర్ణయిస్తుంది. అంటే ప్రజల ఖజానాకి రావలసిన పన్ను కొంత ఆ బోర్డు చేతిలో వుంటుంది, కానీ ఆ బోర్డును ప్రజలు ఎన్నుకోలేదు. దాతృత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

మొదటి ఉదాహరణ గార్లండ్ ఫండ్. చార్లెస్ గార్లండ్ అనే యువకుడు తండ్రి ద్వారా వచ్చిన దాదాపు పది లక్షల డాలర్లు తనకొద్దన్నాడు. చివరికి 1922లో ఆ డబ్బుతో ఒక నిధి ఏర్పడింది. దాని బోర్డులో నల్లజాతి నాయకుడు జేమ్స్ వెల్డన్ జాన్సన్ కూడా వున్నాడు. 1930లో ఈ నిధి ఎన్.ఎ.ఎ.సి.పి.కి కోర్టు పోరాటం కోసం లక్ష డాలర్లు మంజూరు చేసింది. స్టాక్ మార్కెట్ కూలిపోవడంతో అందులో సుమారు ఇరవై వేలే చేతికందాయి. అయినా ఆ డబ్బుతోనే నేథన్ మార్గోల్డ్ 1931లో కోర్టు వ్యూహపు నివేదిక తయారుచేశాడు. చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ ఆ పనిని మార్చుకుని ముందుకు తీసుకుపోయాడు. ఆ దారే 1954 నాటి బ్రౌన్ తీర్పుదాకా వెళ్లింది. గొప్ప విజయమే. కానీ మేగన్ మింగ్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకురాలు 2019లో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసింది. అప్పటిదాకా ఆ సంస్థకు ప్రధానమైన పని లించింగులకు, మూకహత్యలకు వ్యతిరేకంగా పోరాడటం. ఫండు వచ్చాక ఆ స్థానంలోకి విద్య ఎట్లా వచ్చింది? ఆమె దీనికి "ఉద్యమాన్ని పట్టేసుకోవడం" అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఇది మొత్తం ఫండ్ వల్లే జరిగిందని మేము అనుకోవడం లేదు. నల్లజాతి న్యాయవాదుల సొంత ఆలోచన కూడా అందులో వుంది. కానీ ఆ ప్రశ్నను పక్కన పెట్టడానికి వీల్లేదు. చుండూరు చూసినవాళ్లం, ప్రాణం ముందా బడి ముందా అన్న ప్రశ్న మనకు పుస్తకాల్లోది కాదు.

ఇక అసలు కథ 1961లో మొదలవుతుంది. ఆ సంవత్సరం మే నెలలో ఫ్రీడమ్ రైడర్లు బస్సుల్లో దక్షిణాదికి బయల్దేరారు. అలబామాలో బస్సు తగలబెట్టారు, మూకలు కొట్టాయి. ప్రపంచమంతా చూసింది. కెన్నెడీ ప్రభుత్వానికి ఇది తలనొప్పి అయింది. అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ యువకులకు ఇచ్చిన సలహా ఏమిటంటే: వీధులు వదిలేసి ఓటర్ల నమోదు చేయండి, డబ్బు ఏర్పాటవుతుంది. డబ్బు ప్రభుత్వానిది కాదు. టకోనిక్ ఫౌండేషన్ అధిపతి స్టీఫెన్ కరియర్, ఫీల్డ్ ఫౌండేషన్, స్టెర్న్ కుటుంబ నిధి ముందుకొచ్చాయి.

విద్యార్థి అహింసా సమన్వయ సంఘం, అంటే స్నిక్, ఈ విషయం మీద దాదాపు చీలిపోయింది. 1961 ఆగస్టులో హైలాండర్ స్కూల్లో జరిగిన సమావేశంలో ఒక వర్గం "మనల్ని చల్లార్చడానికే ఈ డబ్బు" అంది. ఇంకొక వర్గం "ఓటు లేకుండా ఏమీ లేదు" అంది. ఎల్లా బేకర్ మధ్యలో నిలబడి రెండు విభాగాలుగా పనిచేయమని సర్దిచెప్పింది. ఆమె లేకపోతే ఆ సంఘం ఆ రోజే పోయేదేమో.

ఇక్కడ అహింస అనే మాట గురించి కూడా చెప్పుకోవాలి. నిధులిచ్చేవాళ్ల భాషలో అహింస అంటే గొడవ జరగకుండా వుండటం. స్నిక్ పిల్లల భాషలో అహింస అంటే, గొడవ ఎక్కడ దాగివుందో అక్కడికి చేతులు కట్టుకుని పోయి దాన్ని బయటికి లాగడం. ఒకే మాట, రెండు కార్యక్రమాలు. గ్రాంటు కాగితం మీద ఈ తేడా కనపడదు.

1962 వసంతంలో ఓటర్ల విద్యా ప్రాజెక్టు అట్లాంటాలో సదరన్ రీజనల్ కౌన్సిల్ కింద మొదలైంది. పన్ను శాఖ ముందుగానే మినహాయింపు ఖాయం చేసింది. పార్టీ ప్రచారం చేయకూడదన్నది షరతు. డైరెక్టరు నల్లజాతి న్యాయవాది వైలీ బ్రాంటన్, లిటిల్ రాక్ స్కూలు కేసు వాదించినవాడు. ఎన్.ఎ.ఎ.సి.పి., కోర్, కింగ్ గారి సంస్థ, అర్బన్ లీగ్, స్నిక్, ఐదింటికీ డబ్బు పంచారు. 1964 వరకు దాదాపు 8 లక్షల 70 వేల డాలర్లు ఖర్చయ్యాయి. పదకొండు దక్షిణాది రాష్ట్రాల్లో సుమారు 6 లక్షల 88 వేలమంది కొత్త ఓటర్లు నమోదయ్యారు.

అయితే ఓటరు నమోదు చల్లటి పని అనుకున్నవాళ్ల లెక్క తప్పింది. మిసిసిపిలో హెర్బర్ట్ లీ అనే రైతు నమోదు పనిలో సాయం చేసినందుకు 1961 సెప్టెంబర్‌లోనే కాల్చి చంపబడ్డాడు. లెఫ్లోర్ కౌంటీలో 1962లో అధికారులు పేదలకు వచ్చే కేంద్ర ఉచిత ఆహార పంపిణీని ఆపేశారు. ఓటు అడిగితే కడుపు మీద కొట్టారు. మన పల్లెల్లో సాంఘిక బహిష్కరణ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 1963 ఫిబ్రవరి 28 రాత్రి గ్రీన్‌వుడ్ బయట ఒక కారు మీద తూటాలు కురిశాయి. బండి నడుపుతున్న జిమ్మీ ట్రావిస్ మెడలో తూటా దిగింది. అదే కారులో బాబ్ మోజెస్‌తోపాటు ప్రాజెక్టు క్షేత్ర డైరెక్టరు రాండాల్ఫ్ బ్లాక్‌వెల్ కూడా వున్నాడు. అంటే నిధుల లెక్క చూడటానికి వచ్చిన మనిషి కూడా తూటాల మధ్య కూర్చున్నాడు. బ్రాంటన్ వెంటనే అందరినీ గ్రీన్‌వుడ్‌కి రమ్మని పిలిచాడు. ఈ సంగతి మరిచిపోతే ఆయనకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

అదే బ్రాంటన్ 1963 నవంబర్‌లో మిసిసిపికి నిధులు ఆపేశాడు. కారణం లెక్కల్లో వుంది. యాభై వేల డాలర్లకు పైగా ఖర్చు పెడితే అక్కడ నమోదైనవాళ్లు నాలుగు వేల లోపు. మొత్తం ప్రాజెక్టు తీసుకుంటే ఒక్కో ఓటరుకు డాలరుంబావు, మిసిసిపిలో పన్నెండు డాలర్లకు పైన. కేంద్ర న్యాయశాఖ కోర్టుల్లో గట్టి ఉత్తర్వులు తేలేకపోయింది కాబట్టి ఇక డబ్బు పోసి లాభం లేదన్నది ఆయన వాదన. న్యాయశాఖను తప్పుపట్టడంలో ఆయన మాట నిజమే. కానీ ఫలితం చూడండి. హింస ఎక్కడ ఎక్కువ వుందో అక్కడ తలసరి ఖర్చు ఎక్కువయింది, తలసరి ఖర్చు ఎక్కువైన చోట గ్రాంటు పోయింది. అణచివేసేవాడు ఎంత కిరాతకంగా వుంటే బాధితుల దరఖాస్తు అంత బలహీనపడుతుంది. ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, ఆ కొలబద్ద పనిచేసే తీరే అంత.

డబ్బు ఆగిందని మిసిసిపి ఆగలేదు. వారానికి పది డాలర్ల భత్యంతో, పన్ను పోగా 9 డాలర్ల 64 సెంట్లతో బతికిన కార్యకర్తలు 1964 ఫ్రీడమ్ సమ్మర్ నడిపారు. 1965లో ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది. అప్పటికి ఆ రాష్ట్రంలో నల్లజాతివారిలో సుమారు 7 శాతం మాత్రమే ఓటర్లు. 1967కల్లా దాదాపు 60 శాతం.

దీనికి ముందు మాంట్‌గోమరీలో 381 రోజుల బస్సు బహిష్కరణ వేరే డబ్బుతో నడిచింది. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్లను కూడగట్టి కేకులు, పైలు, కోడిమాంసం శాండ్‌విచ్‌లు అమ్మి, ఆ డబ్బు చర్చి సభల్లో ఇచ్చేది. ఎవరిచ్చారంటే "ఎక్కడిదీ కాదు" అనేవాళ్లు. ఆ సంఘం పేరే అది. పేరు బయటపడితే కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఉద్యోగాలు పోతాయి. ఆమె ఉద్యోగం ఎట్లాగూ పోయింది. ఈ డబ్బుకు నివేదిక రాయక్కర్లేదు. కానీ ఈ డబ్బుతో పదకొండు రాష్ట్రాల్లో పని నడవదన్నదీ అంతే నిజం.

పెద్ద డబ్బు ఎప్పుడొచ్చిందన్న దాని మీద హెర్బర్ట్ హేన్స్ 1984లో ఒక పరిశోధన ప్రచురించాడు. రాడికల్ సంఘాలు పెరిగినకొద్దీ మితవాద సంఘాలకు బయటి విరాళాలు పెరిగాయని చూపించాడు. వీధిలో దెబ్బలు తిన్నవాడు ఒకడు, చెక్కు అందుకున్నవాడు ఇంకొకడు. ఈ ముక్క మన దగ్గర చాలామందికి పరిశోధన లేకుండానే తెలుసు.

1967లో ఫోర్డ్ ఫౌండేషన్ క్లీవ్‌లాండ్‌లోని కోర్ శాఖకు లక్షా డెబ్బై అయిదు వేల డాలర్లిచ్చింది. అందులో ఓటర్ల నమోదూ వుంది. ఆ నవంబర్‌లో కార్ల్ స్టోక్స్ అనే నల్లజాతీయుడు మేయరయ్యాడు. వాషింగ్టన్‌లో గగ్గోలు పుట్టింది. 1969 పన్ను సంస్కరణ చట్టంలో కొత్త నిబంధన పెట్టారు: ఫౌండేషన్ డబ్బుతో ఓటర్ల నమోదు చేసే సంస్థ కనీసం అయిదు రాష్ట్రాల్లో పనిచేయాలి, ఒక్క ఎన్నికకే పరిమితం కాకూడదు, ఏ ఒక్క దాత నుంచీ నాలుగోవంతుకు మించి తీసుకోకూడదు. ఒక ఊరి నల్లజాతి సంఘం అయిదు రాష్ట్రాల్లో ఎట్లా పనిచేస్తుంది? చట్టంలో ఎక్కడా జాతి పేరు లేదు. దెబ్బ మాత్రం ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. ఓటర్ల విద్యా ప్రాజెక్టు 1970లో వేరు సంస్థ అయి, జాన్ లూయిస్ నాయకత్వంలో 1977 దాకా నడిచి, నిధుల కటకటతో లాగి లాగి 1992లో మూతపడింది.

ఈ కథ చదువుతుంటే మనకు 1932 గుర్తు రావాలి. పూనా ఒప్పందం తర్వాత సెప్టెంబర్ 30న బొంబాయిలో అస్పృశ్యతా నివారణ లీగ్ ఏర్పడింది. తర్వాత అదే హరిజన సేవక్ సంఘ్. అధ్యక్షుడు ఘనశ్యామ్‌దాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్. అంబేద్కర్ మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో పోతూ నవంబర్ 14న ఠక్కర్‌కి ఒక ఉత్తరం రాశారు. వ్యక్తుల్ని బాగుచేసే పనుల మీద, అంటే మద్యపాన నిషేధం, వ్యాయామశాలలు, గ్రంథాలయాల మీద డబ్బు ఖర్చు పెట్టొద్దన్నారు. బావులు, బడులు, చావళ్లు, బళ్లు - వీటి మీద హక్కు కోసం పల్లెల్లో కార్యకర్తల దండును దింపమన్నారు. గొడవలవుతాయని, కేసులవుతాయని తెలిసే రాశారు. బట్టల మిల్లుల్లో నేత విభాగంలో అంటరానివాళ్లకు పని ఎందుకివ్వరని కూడా అడిగారు. సంఘానికి అధ్యక్షుడే మిల్లుల యజమాని! ఆ ఉత్తరం అందిందన్న జవాబు కూడా రాలేదని ఆయన 1945లో రాసుకున్నారు. ఆయన సంఘం నుంచి తప్పుకున్నారు. యాజమాన్యంలో అంటరానివాళ్లకు చోటెందుకు లేదని అడిగితే, ఇది సవర్ణ హిందువుల ప్రాయశ్చిత్తం కాబట్టి నడపాల్సింది వాళ్లేనని గాంధీ చెప్పారు.

అమెరికాలో బ్రాంటన్ కుర్చీలోనన్నా ఒక నల్లజాతి మనిషి కూర్చున్నాడు. ఇక్కడ అదీ లేదు.

ఇప్పటి మాటకొస్తే, విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చింది, 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, 2020లో దాన్ని సవరించారు. ఈ సవరణతో, విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు పంచకూడదు. పరిపాలనా ఖర్చు సగం నుంచి అయిదోవంతుకు తగ్గించారు. ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలోనే ఖాతా తెరవాలి. ఇందులోనూ కులం పేరు ఎక్కడా లేదు. కానీ ఢిల్లీలోనో హైదరాబాదులోనో వున్న పెద్ద సంస్థ దగ్గర కొంత తీసుకుని మండలంలో అత్యాచార కేసుల వెంట తిరిగే చిన్న దళిత సంఘానికి ఆ తోవ మూసుకుపోయింది. జీతాలు, ప్రయాణాలు, వకీలు ఖర్చుల్లో ఏది పరిపాలన, ఏది కార్యక్రమం అని తేల్చేది ఆ సంఘం కాదు.